బెంచీ మీద కూర్చోబెట్టిన కుర్రాళ్లే చరిత్ర సృష్టించారు!

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో మరపురాని ఆటగాళ్లు

1984 నవంబరు 23. అమెరికాలోని మయామీ నగరం. ఆట ముగియడానికి ఇక ఆరు సెకన్లే ఉంది. బోస్టన్ కాలేజీ జట్టు నాలుగు పాయింట్లు వెనుకబడింది. దాటవలసిన గీత ఇంకా 48 గజాల దూరంలో ఉంది. బంతి డగ్ ఫ్లూటీ అనే కుర్రాడి చేతిలో ఉంది. మీద పడబోయిన వారిని తప్పించుకుంటూ అతను వెనక్కి పరుగెత్తాడు. ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టి బంతిని ఆకాశంలోకి విసిరాడు. అంత దూరం రాదనుకున్నారో ఏమో, ఎదుటి జట్టువారు గీతకు ముందే గుంపుగా కాచుకున్నారు. బంతి వారి తలల మీదుగా పోయి గీత అవతల నిలబడ్డ జెరార్డ్ ఫెలన్ చేతుల్లో వాలింది. బోస్టన్ 47, మయామీ 45. ముందటేడాది దేశ విజేతగా నిలిచిన మయామీ జట్టు సొంత మైదానంలోనే ఓడిపోయింది.

ఫ్లూటీ ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు. మన ఊళ్లలో అది మంచి ఎత్తే. ఆ ఆటలో మాత్రం పొట్టివాడి కిందే లెక్క. అందుకే పెద్ద పేరున్న కాలేజీలు అతన్ని వద్దన్నాయి. 1981లో బోస్టన్ కాలేజీలో చేరినప్పుడు కూడా అతను వెనుక వరుస ఆటగాడే. అలాంటివాడు 1984లో దేశంలోనే ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు.

ఏమిటీ ఆట?

మన జిల్లా నుంచి అమెరికా చదువులకు వెళ్లిన పిల్లలు ఈ ఆట గురించి ఇంట్లో చెప్పే ఉంటారు. పేరు ఫుట్‌బాలే గాని, మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతి గుండ్రంగా ఉండదు, రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. దాన్ని చంకలో ఇరికించుకుని పరుగెత్తవచ్చు, ముందున్న తనవాడికి విసరవచ్చు. చెడుగుడులో కూతకు వచ్చినవాడిని పట్టేసినట్లు ఎదుటివారు పట్టి పడగొడతారు. జట్టుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు సాగకపోతే బంతి ఎదుటివారి పాలవుతుంది. చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు. దానినే టచ్‌డౌన్ అంటారు. బంతి విసిరే ముఖ్య ఆటగాడు క్వార్టర్‌బ్యాక్.

కాలేజీల మధ్య మొదటి పోటీ 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్ల నడుమ జరిగింది. మిచిగన్ విశ్వవిద్యాలయం మైదానంలో లక్షమందికి పైగా కూర్చుని చూడవచ్చు. ఒక కాలేజీ ఆటకు ఇంత జనమంటే మనకు తిరునాళ్లే గుర్తుకు వస్తుంది. ఏటా ఉత్తమ ఆటగాడికి 1935 నుంచి ఇస్తున్న బహుమతి పేరు హైస్మన్ ట్రోఫీ.

అయితే ఆడే కుర్రాళ్లకు చాలాకాలం జీతం లేదు. ఫీజు, తిండి, వసతి మాత్రం కాలేజీ చూసుకునేది. తమ పేరు మీద ప్రకటనలతో డబ్బు సంపాదించుకోవడానికి 2021లో గాని అనుమతి రాలేదు. పైగా ఒక్కొక్కరికి దొరికేది నాలుగు సీజన్లే. బెంచీ మీద కూర్చుంటే ఆ కాలం కరిగిపోయేది. అలా కూర్చున్నవారిలో ఇద్దరి కథ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇల్లు కప్పేవాడి కొడుకు

బ్యారీ శాండర్స్‌ది కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా. తండ్రి ఇళ్ల పైకప్పులు వేసే పనివాడు. ఇంట్లో 11 మంది పిల్లలు. అయిదడుగుల ఎనిమిది అంగుళాల ఈ కుర్రాడికి ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో చోటు దొరికింది గాని, ఆ జట్టులో అప్పటికే థర్మన్ థామస్ అనే గొప్ప ఆటగాడున్నాడు. 1986, 1987 రెండేళ్లూ శాండర్స్ అతని వెనుకే ఉండిపోయాడు.

థామస్ వెళ్లాక 1988లో వంతు వచ్చింది. ఆ ఏడాది 11 ఆటల్లో బంతి పట్టుకుని శాండర్స్ పరుగెత్తిన దూరం 2,628 గజాలు. అంటే మీద పడే మనుషుల మధ్య నుంచి దాదాపు రెండున్నర కిలోమీటర్లు! పరుగుతోనే 37 టచ్‌డౌన్లు చేశాడు. హైస్మన్ ట్రోఫీ ప్రకటించే సమయానికి అతను జపాన్‌లోని టోక్యోలో ఉన్నాడు. బహుమతి వార్త విని మైదానంలోకి దిగి ఒక్క ఆటలో 332 గజాలు పరుగెత్తాడు.

2024లో బోయిసీ స్టేట్ జట్టు ఆటగాడు ఆష్టన్ జెంటీ 14 ఆటలాడి 2,601 గజాలు సాధించాడు. మూడు ఆటలు ఎక్కువ ఆడినా శాండర్స్ లెక్కకు 27 గజాల దూరంలో ఆగిపోయాడు. అంతటి ఘనుడైనా శాండర్స్ గీత దాటగానే చిందులు వేసేవాడు కాదు. బంతిని రిఫరీ చేతికిచ్చి నెమ్మదిగా నడిచిపోయేవాడు. అభిమానులు అతని పరుగుతోపాటు ఈ అణకువనూ తలచుకోవడం విశేషం.

ఆకలి ఊసెత్తిన విజేత

జో బరో పెరిగింది ఒహాయో రాష్ట్రం ఆగ్నేయ మూలన, ఏథెన్స్ కౌంటీలో. కొండలూ పేదరికమూ ఉన్న ప్రాంతం అది. సొంత రాష్ట్రపు పెద్ద జట్టు ఒహాయో స్టేట్‌లో చేరాడు. మూడేళ్లు గడిచినా మొదటి వరుసలో చోటు దక్కలేదు. ఈలోగా డిగ్రీ పూర్తి చేసుకుని 2018లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. అక్కడ మొదటి ఏడాది అతని బంతులకు వచ్చిన టచ్‌డౌన్లు 16 మాత్రమే. మరుసటి ఏడాది 60! ఓక్లహోమా జట్టుతో ఆడిన సెమీఫైనల్లో సగం ఆట ముగిసేలోపే ఏడు టచ్‌డౌన్లు వేయించాడు. 2020 జనవరి 13న క్లెమ్సన్‌ను 42-25తో ఓడించి, ఒక్క ఓటమి కూడా లేకుండా 15 ఆటలు గెలిచి జట్టు దేశ విజేత అయింది.

అంతకు నెల ముందు, 2019 డిసెంబరు 14న, న్యూయార్కులో హైస్మన్ ట్రోఫీ అందుకుంటూ బరో కంటతడి పెట్టాడు. తన ప్రాంతం చాలా పేదదనీ, బడి నుంచి ఇంటికి వెళ్లేసరికి తినడానికి పెద్దగా ఏమీ లేని పిల్లలు అక్కడ ఎందరో ఉన్నారనీ, వారి కోసం కూడా తాను ఆ వేదిక మీద నిలబడ్డాననీ చెప్పాడు.

దేశమంతా టీవీలో విన్నది. ఏథెన్స్ కౌంటీలో పేదలకు తిండి సరుకులిచ్చే సంస్థ కోసం మరునాడు స్థానికుడొకరు వెయ్యి డాలర్లు వస్తే చాలనుకుని చందాలు మొదలుపెట్టారు. రోజుల్లోనే అయిదు లక్షల డాలర్లకు పైగా పోగయింది. అప్పటి మారకం ప్రకారం మూడున్నర కోట్ల రూపాయల పైమాటే.

బరో 60 టచ్‌డౌన్ల రికార్డును 2021లో వెస్టర్న్ కెంటకీ ఆటగాడు బెయిలీ జాపీ 62తో దాటేశాడు. ఆ రాత్రి నాలుగు మాటలకు పోగైన సొమ్ము మాత్రం ఏథెన్స్ కౌంటీ వంటిళ్లకు చేరింది. మూడేళ్లు బెంచీ మీద కూర్చున్న కుర్రాడి ఆటలో అభిమానులు అన్నిటికన్నా ముందు చెప్పుకునేది ఆ రాత్రి సంగతే.