సముద్రము మూగది కాదు

సముద్రతీరమున నిలిచినవారు అలల ఘోషను విందురు. ఆ అలల క్రింద నేమి వినబడునని యడిగినచో, మనలో పెక్కుమంది “అంతయు నిశ్శబ్దమే” యని బదులు చెప్పుదురు. ఫ్రాన్సు దేశపు సముద్రాన్వేషకుడు జాక్ కూస్టో సయితము 1956లో వెలువడిన తన చలనచిత్రమునకు “నిశ్శబ్ద ప్రపంచము” అను నర్థమిచ్చు పేరు పెట్టెను. సముద్రము పలుకుచునే యున్నది. గాలిలో వినుటకు నలవడిన మన చెవులకు ఆ పలుకు చక్కగా నందదు.

నీటిలో శబ్దమెంత వేగముగా పోవునో కొలడాన్ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు 1826లో జెనీవా సరస్సునందు కొలిచెను. ఒక పడవనుండి నీటిలోనికి వ్రేలాడదీసిన గంటను మ్రోగించిరి. ఆ క్షణమందే పడవపై తుపాకిమందు వెలిగించిరి. దాదాపు 13 కిలోమీటర్ల దూరమున వేరొక పడవలో కూర్చున్న కొలడాన్, వెలుగు కనబడినది మొదలు, నీట ముంచిన గొట్టముద్వారా గంట వినబడువరకు గడచిన కాలమును లెక్కించెను. వేగము సెకనుకు 1,435 మీటర్లని తేలెను. గాలిలోనో, అది సుమారు 340 మీటర్లే! సూర్యకాంతి సముద్రమున 200 మీటర్ల లోతు దాటిన పిమ్మట మిక్కిలి క్షీణించును. శబ్దము అనేక కిలోమీటర్లు పోగలదు. కావుననే పెక్కు జలచరములు కంటికంటె చెవినే నమ్ముకొని జీవించును. వెచ్చని సముద్రములలో నివసించు నొక చిన్న రొయ్య, పట్టకారువంటి తన ముందరి కాలిని చటుక్కున మూయగా, నీటిలో నొక బుడగ పుట్టి, అణగిపోవుచు “టప్పు”మని మ్రోగును. అట్టివి వేలకొలది చేరినచోట, తాలింపులో ఆవాలు చిటపటలాడినట్లు వినబడును.

ఈ ధ్వనులను ప్రజలకు వినిపించుటలో శాస్త్రజ్ఞులును కళాకారులును చేయి కలిపిరి. బెర్ముడా ద్వీపములయొద్ద అమెరికా నౌకాదళమునకు పనిచేసిన ఇంజనీరు ఫ్రాంక్ వాట్లింగ్టన్, నీటిలోని శబ్దమును గ్రహించు హైడ్రోఫోను అను పరికరముతో హంపుబ్యాక్ జాతి తిమింగిలముల కూతలను పట్టి, రోజర్ పేన్, కేటీ పేన్ దంపతులకు వినిపించెను. ఆ కూతలందు స్వరములు ఒక క్రమమున మరల మరల వచ్చుచున్నవనియు, కావున వానిని పాటలనవచ్చుననియు రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే 1971లో ప్రకటించిరి. అంతకుముందే, 1970లో, ఆ పాటలు రికార్డుగా వెలువడి జనహృదయములను కదిలించెను. ఆ సంవత్సరమే అలాన్ హొవానెస్ అను సంగీతకర్త వానిని వాద్యబృందముతో మేళవించి యొక కృతిని రచించెను. నూనెకును మాంసమునకును మాత్రమే పనికివచ్చునని లోకము తలచిన జంతువు, విన్నవారికి గాయకుడుగా తోచెను. వేటను మాన్పవలెనను ఉద్యమమునకు ఆ పాటలు బలము చేకూర్చెను. 1982లో అంతర్జాతీయ తిమింగిల వేట సంఘము వాణిజ్యపు వేటను నిలుపుటకు తీర్మానించెను.

నార్వే కళాకారిణి యానా విండెరెన్ గణిత రసాయన శాస్త్రములనభ్యసించి, పిమ్మట కళారంగమున ప్రవేశించినది. ఆమె మంచునదుల పగుళ్లలోనికిని, సముద్రములలోనికిని హైడ్రోఫోనులు దింపి, అచటి ధ్వనులతో “ఎనర్జీ ఫీల్డ్” అను కృతిని కూర్చి, 2010లో వెలువరించెను. చేపల శబ్దములును, మంచు పగులు చప్పుడును అందు వినవచ్చును.

ఇట్లు చెవియొగ్గగా నొక విచారకరమైన సంగతియు బయటపడినది. 2001 సెప్టెంబరు 11నాటి దాడుల పిమ్మట కెనడాలోని ఫండీ అఖాతమున ఓడల రాకపోకలు కొన్నిదినములు తగ్గెను. నీటిలోని రొద 6 డెసిబెల్‌లు తగ్గెను. అప్పుడచటి రైట్ వేల్ జాతి తిమింగిలముల మలమును పరీక్షింపగా, ఆందోళనను సూచించు హార్మోనులు తగ్గినట్లు తేలినదని 2012లో ప్రకటించిరి. అనగా, మన ఓడల రొద వానికి నిత్యబాధ యని మనము తెలిసికొనుటకు ఓడలు నిలువవలసి వచ్చెను!

ఆశ కలిగించు వార్తయు గలదు. ఆస్ట్రేలియాయందలి గ్రేట్ బారియర్ రీఫ్‌లో, పగడములు చచ్చిపడిన చోట్ల, ఆరోగ్యవంతమైన పగడపుదిబ్బల ధ్వనిని యంత్రములద్వారా 40 దినములు వినిపించిరి. ధ్వని వినిపింపని చోట్లకంటె అచట రెట్టింపు చేపలు చేరినవని 2019లో వెల్లడించిరి. చేపపిల్లలు తమ యింటిని చెవితో వెదకికొనునన్నమాట! ఆ పిలుపును మన రొద ముంచివేసినచో, అవి యెచటికి పోగలవు?

కెనడా సంగీతకర్త ముర్రే షేఫర్ (1933–2021) తన విద్యార్థులకు నొక సులభమైన పని చెప్పుచుండెడివాడు: కొంతసేపు మౌనముగా కూర్చుండి, విన్న ధ్వనులన్నిటిని వ్రాయుడని. ప్రియ విద్యార్థులారా! ఒక సాయంకాలము చెరువుగట్టునగాని, సముద్రపుటొడ్డునగాని మీరును అట్లు చేసి చూడుడు. పిమ్మట ఆ పట్టికలో మనుష్యులు చేసిన చప్పుళ్లెన్నియో, ఇతర ప్రాణులవెన్నియో గుర్తింపుడు. మన చప్పుడు ఒకింత తగ్గినచో ఇంకెవరి స్వరము వినబడియుండునో యోచింపుడు. తోటిప్రాణి మాట వినుట, దానికి మేలు చేయుటలో మొదటి మెట్టు.