పాల కేంద్రంలో ఎర్ర సిలిండరు ఎక్కడ ఉండాలి?

నిప్పు మాట వస్తే మన డెల్టాలో పెద్దలు పాశర్లపూడి గురించి చెబుతారు. 1995 జనవరి 8న అక్కడి గ్యాసు బావిలో లేచిన మంట అరవై అయిదు రోజులపాటు ఆరలేదు. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాసు గొట్టం నుండి వెలువడిన గ్యాసు అంటుకొని ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అటువంటి మంటల ముందు గోడకు వేలాడే ఎర్ర సిలిండరు ఎందుకూ చాలదు. అక్కడ చేయగలిగినది దూరంగా పోవడం, పదిమందినీ దూరంగా పంపడం, కబురు చేయడం మాత్రమే.

మేము చెప్పదలచినది ఆ మంటల గురించి కాదు. పాల సేకరణ కేంద్రంలో మోటారు వైరు కాలడం, జనరేటరు కింద ఒలికిన డీజిలు అంటుకోవడం, దాణా బస్తాల మధ్య బీడీ ముక్క పడడం వంటివి మొదటి నిమిషంలో గంపెడంత మంటలే. ఆ నిమిషంలో వాటిని ఆర్పగల సాధనం బల్కు కూలరు ఉన్న చాలా సంఘాలలో ఉన్నది. కాని మేము సంఘాలకు వెళ్ళినప్పుడు అది దాణా బస్తాల వెనుక, గాలికి కొట్టుకునే తలుపుకు అడ్డంగా, ఒకచోట భద్రత కోసమని తాళం వేసిన బీరువాలో కూడా కనిపించింది. దొంగ పోనివ్వని జాగ్రత్తే గాని, నిప్పు తాళంచెవి దొరికేదాకా ఆగదు.

సిలిండరును ప్రమాదం ఉన్న చోటనే, అంటే జనరేటరు పైన గాని, కరెంటు బోర్డు పక్కన గాని తగిలించాలని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. జనరేటరు అంటుకున్నప్పుడు దాని మీది గోడకున్న సిలిండరును అందుకోవాలంటే మంటలో చేయి పెట్టవలసివస్తుంది. సరియైన చోటు ద్వారం పక్క. మంటను చూచిన మనిషి ముందుగా వాకిలి వైపే వస్తాడు. అక్కడ సిలిండరు చేతికందితే, వాకిలిని వీపు వెనుక ఉంచుకొని మంట వైపు తిరుగుతాడు. ఆరితే సరే, ఆరకపోతే రెండడుగులలో బయటపడతాడు. లోపలి మూలన సిలిండరు ఉంటే దాని కోసం వెళ్ళినవాడికి, వాకిలికి మధ్య మంట వచ్చి కూర్చుంటుంది. పనిచేసే ఏ చోటునుండి అయినా పదిహేను మీటర్ల నడకలోపు ఒక సిలిండరు అందాలన్నది మన దేశపు ప్రమాణాలలో ఉన్న లెక్క. ఒక గది, వరండా ఉన్న సంఘానికి ఇది కష్టం కాదు. జనరేటరు షెడ్డు, దాణా గోదాము విడిగా ఉంటే వాటి వాకిళ్ళకు వేరే సిలిండర్లు కావాలి.

ఎత్తు విషయం. నేలమీద పెట్టరాదు. మన కేంద్రాలలో నేల రెండు పూటలా కడుగుతాము. క్యాన్లు కడిగిన సోడా నీరు, ఒలికిన పాలు సిలిండరు అడుగున చేరి తుప్పు పట్టిస్తాయి. నరసాపురం, అంతర్వేది వైపు సంఘాలకు సముద్రపు ఉప్పుగాలి కూడా తోడు. పైన రంగు నిగనిగలాడుతున్నా అడుగు రేకు తినేసి ఉండవచ్చు, కనుక నెలకొకసారి అడుగుభాగం చూడాలి. పొట్టి మనిషికి, ఆడవారికి కూడా సులువుగా దించుకోవడానికి వీలుగా, నడుముకు ఛాతీకి మధ్య ఎత్తున గట్టి కొక్కేనికి తగిలించండి. సాయంత్రం పూట పాల క్యాన్లు దాని ముందు పేరుస్తారు, అది జరిగి తీరుతుంది. కాబట్టి పైన గోడమీద ఎర్ర రంగుతో ఒక బాణం గుర్తు వేయించండి.

ఇక ఏ మంటకు ఏ సిలిండరు అన్నది. ఏబీసీ పొడి సిలిండరు కట్టెకు, కాగితానికి, డీజిలుకు, గ్యాసుకు, కరెంటు పరికరాలకు పనికివస్తుంది. అందులోని పొడిలో ముఖ్యభాగం అమ్మోనియం ఫాస్ఫేటు, మన పొలాల్లో చల్లే డీఏపీకి దగ్గరి చుట్టం. జనరేటరు షెడ్డుకు, దాణా గోదాముకు ఇదే మేలు. అయితే బల్కు కూలరు గదిలో ఈ పొడి కొడితే మూత తీసి ఉన్న పాలలో పడుతుంది, ఆ పాలు పారబోయవలసినదే. చెమ్మ తగిలిన పొడి లోహాన్ని కూడా తింటుంది. అందువలన కూలరు బోర్డున్న గదికి కార్బన్ డయాక్సైడు సిలిండరు మంచిదని మా అభిప్రాయం. అది వాయువు గనుక తరువాత తుడవడానికి ఏమీ మిగలదు. కాని ఇరుకు గదిలో తలుపులు మూసి వాడితే ఊపిరి ఆడదు. వదిలేటప్పుడు దాని నల్లని బూరాను చేతితో పట్టుకుంటే చలికి చర్మం కాలినట్లవుతుంది.

కరెంటు మంట అయితే ముందుగా మెయిన్ ఆపాలి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. తనంతట తానే మొదలయ్యే జనరేటరు ఉన్నచోట మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకొని అది తిరగడం మొదలుపెట్టవచ్చు. కనుక రెండింటినీ ఆపాలి. ఆపే మీటలు ఎక్కడున్నవో టెస్టరుకు, హెల్పరుకు ఇద్దరికీ తెలిసి ఉండాలి.

గెర్బర్ పద్ధతిలో వెన్న పరీక్ష ఇప్పటికీ చేసే సంఘాలు పరీక్ష బల్లను వేరుగా చూసుకోవాలి. ఎమైల్ ఆల్కహాలు మంట అందితే అంటుకునే ద్రవం. సల్ఫ్యూరిక్ ఆమ్లం తాను మండదు గాని, దానిమీద నీళ్ళు పడితే వేడెక్కి మొహంమీదికి చిమ్ముతుంది. కాబట్టి ఆ బల్ల దగ్గర మంటకు బక్కెట్టుతో నీళ్ళు కొట్టరాదు. ఆ రెండు సీసాలనూ ఒకే అరలో పెట్టకండి.

గడ్డిమేటుకు మాత్రం నీరే మందు. పొడి కొడితే పైమంట ఆరినట్లు కనిపించి లోపల రాజుకుంటూనే ఉంటుంది. గడ్డిని పంగలకర్రతో చెదరగొట్టి తడపవలసిందే. దాళ్వా గడ్డిని కేంద్రం గోడకు ఆనించి, అందునా కరెంటు తీగల కింద వేయనివ్వకండి. ఇసుక బక్కెట్లు ఒలికిన డీజిలు మీదికి బాగా పనికివస్తాయి. వాటి అడుగు గుండ్రంగా చేసేది నేలమీద నిలబడకుండా, అంటే మనవాళ్ళు వాటిని క్యాన్లు కడగడానికి పట్టుకుపోకుండా. ఆ ఇసుకను అప్పుడప్పుడు మార్చండి. పాల కేంద్రం చుట్టూ తిరిగే పిల్లులు పాలనే కాదు, ఇసుకను కూడా వదలవు.

నెలనెలా చూడవలసినది ఎక్కువేమీ లేదు. గడియారం ఉన్న సిలిండరులో ముల్లు పచ్చ రంగులో ఉన్నదా, పిన్ను, సీలు తెగలేదా, గొట్టంలో సాలెగూడు గాని కందిరీగ గూడు గాని లేదా, ఇంతే. మన తేమకు పొడి గడ్డకడుతుంది. మూడు నెలలకొకసారి పిన్ను అలాగే ఉంచి, తలకిందులు చేసి మెల్లగా కదిపితే లోపల పొడి జారుతున్నదీ లేనిదీ తెలుస్తుంది. కార్బన్ డయాక్సైడు సిలిండరుకు మామూలుగా గడియారం ఉండదు, తూకమే ఆధారం. ఖాళీ బరువు, గ్యాసు బరువు దానిమీదనే కొట్టి ఉంటాయి, కాటా మన దగ్గరే ఉన్నది. నాలుగున్నర కిలోల గ్యాసులో 450 గ్రాములు మించి తగ్గితే నింపించాలి. ఒత్తిడి పరీక్ష పొడి సిలిండర్లకు మూడేళ్ళకు, కార్బన్ డయాక్సైడు వాటికి అయిదేళ్ళకు ఒకసారి చేయించాలి. వరద నీట మునిగినది ముల్లు పచ్చలో ఉన్నా సర్వీసుకు పంపవలసినదే. 1986లో, 2022లో వరదలు చూచిన లంక గ్రామాల సంఘాలు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. ఫైరింజను రేవు దాటి రాలేని రోజులలో వారికి ఉన్నది ఆ సిలిండరు ఒక్కటే.

వాడే పద్ధతి. వెనుకటి సోడా ఆమ్లం సిలిండరును తలకిందులు చేసి వాడేవారు, అది చూచిన పెద్దలు ఇప్పటికీ అలాగే చేయబోతారు. నేటి సిలిండరును నిలువుగానే పట్టుకోవాలి. గాలి వీపుకు తగిలేటట్లు నిలబడి, పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి, వాకిలి ఊడ్చినట్లు అటూ ఇటూ తిప్పాలి. చిన్న సిలిండరు పదిహేను సెకన్లకు అటూ ఇటూగా అయిపోతుంది. మంట నెత్తిమీద కొడితే అదంతా వృథా. నూట ఒకటికి ఫోను మొదట చేయాలి, ఆర్పిన తరువాత కాదు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలినప్పుడు మరణించిన అగ్నిమాపక సిబ్బంది స్మృతిలో ఏటా ఆ తేదీ నుండి వారం రోజులు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. మనకు అది దాళ్వా కోతల కాలం, గడ్డి పెళపెళలాడే రోజులు. నింపించవలసిన గడువు వచ్చిన పొడి సిలిండరును ఊరికే పంపకుండా, ఆ వారంలో పెరట్లో కాస్త చెత్త అంటించి టెస్టరు చేత, హెల్పరు చేత దానితో ఆర్పించండి. ఒక్క క్షణం నొక్కినా సరే, తిరిగి నింపించాలి. మూతి దగ్గర చిక్కిన పొడివల్ల ఒత్తిడి మెల్లగా జారిపోతుంది. నింపడానికి పంపేటప్పుడు బదులు సిలిండరు ఒకటి ఇచ్చి పొమ్మని సర్వీసు వారిని అడగండి. అది కొక్కేనికి తగిలిన తరువాతనే పాతదాన్ని వారి చేతికివ్వండి, తేదీని పాల రిజిస్టరు వెనుక పుటలో కార్యదర్శి సంతకంతో రాయండి.