భయపడుట నిషిద్ధమా?

దయ్యపుకథల యెడ మక్కువలేని విద్యార్థులు అరుదు. వసతిగృహమున దీపము లారినతోడనే ఒకడు కథ మొదలిడును. తక్కినవారు దుప్పట్లు ముసుగిడుకొని విందురు. కావున భయ మెట్లు పుట్టునో విచారించుట నిష్ప్రయోజనము గాదు. ఇందులకు 'డర్నా మనా హై' యను హిందీ చలనచిత్రమును ఉదాహరణముగ గైకొందము.

ఇది 2003 వ సంవత్సరము జూలై మాసమున విడుదలయ్యెను. దర్శకుడు ప్రవాల్ రామన్. నిర్మాత తెలుగువాడగు రామగోపాలవర్మ. ఆయన మనకు చేరువనున్న విజయవాడలో ఇంజనీరింగు చదివెను. 1992 లోనే 'రాత్రి' యను భయానక చిత్రమును తెలుగు హిందీ భాషలయందు దీసెను. పై చిత్రనామమునకు 'భయపడుట నిషిద్ధము' అని యర్థము. హిందీ చిత్రములందు ఒకే కథను ఆద్యంతము నడుపుట వాడుక. ఇందు ఆరు చిన్న కథలున్నవి. అడవిలో చిక్కుకొనిన యేడుగురు మిత్రులు వానిని చెప్పుకొందురు. భేతాళకథ లెరిగిన మనకు కథలో కథ క్రొత్తగాదు. ఆ చిత్రసీమకు మాత్ర మది సాహసమే.

ఇందలి భయహేతువులు మిక్కిలి సామాన్యములు. ఒక యిల్లాలు చౌకగా దొరకెనని ఆపిలుపండ్లు కొనితెచ్చును. వానిని తినిన మగడు పండుగా మారిపోవును. కారులో వెళ్లుచున్న యొకడు త్రోవలో నొకరి నెక్కించుకొనగా, ఆతడు తాను దయ్యమని చెప్పును.

ఇవి నిజముగా జడిపించునా? సగమే యని మా యభిప్రాయము. కారులోని కథ మనల నుత్కంఠతో కూర్చుండబెట్టును. ఏలన, ఎదుటివాని మాట నమ్మవచ్చునో కూడదో తెలియని సందేహమే భయమునకు బీజము. మనుజుడు పండైనపుడు సందేహము తీరి నవ్వు వచ్చును. అదియుగాక, కథలు పొట్టివగుటచే పాత్రలతో మనకు చెలిమి కుదురకముందే అవి ముగియును. మనకు కావలసినవారికి కీడు మూడినప్పుడు గదా గుండె దడదడలాడుట!

దీనికి నిదర్శనము మనసీమలోనే యున్నది. 1977 నవంబరు 19 న ఉప్పెన దివిసీమపై బడి వేలకొలది ప్రాణములను గొనిపోయెను. ఆనాటి గాలిహోరు నెరిగిన వారికి కార్తికమాసపు తుపాను వార్త వినబడినచో మొదట తలపునకు వచ్చునది దయ్యము గాదు, ఇంటనున్న పసిబిడ్డలు.

చిత్రమునందు మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది బడిపంతులు కథ. కఠినుడైన యుపాధ్యాయు డొకడు, ఒక బాలిక యింటిపనిలో మరల మరల గానవచ్చు ఓంకారమును జూచి కలతపడును. పిల్లల నదలించువాడే పిల్ల వ్రాతకు బెదరుట మా వృత్తివారికి గుణపాఠము. వెరపు లేనివా డెవడును లేడు. కనుక పెద్ద తరగతివారు చిన్నవారిని చీకటిలో బెదరింపక, వెరచినవానిని గేలిసేయక, 'ఎందుకురా తమ్ముడూ భయము?' అని చేరదీసి యడుగుదురుగాక. భయము నిషేధించిన పోదు, చెప్పుకొనిన తగ్గును.