గానవిదుషి లియాంటీన్ ప్రైస్

పాశ్చాత్యుల సంగీత నాటకాన్ని ఆపెరా అంటారు. మన పద్యనాటకంలో పద్యానికీ పద్యానికీ నడుమ వచనం ఉంటుంది. ఆపెరాలో సంభాషణ సైతం చాలవరకు గానరూపంలోనే సాగుతుంది. స్త్రీ గాత్రాలలో అత్యున్నత స్థాయిలో పలికే దానికి సొప్రానో అని పేరు. పెద్ద వాద్యబృందపు ఘోషను దాటి, మైకు సహాయం లేకుండా, ఆ గాత్రం చివరి వరుసలోని శ్రోతకు వినబడాలి. ఇందుకు పుట్టుకతో వచ్చిన కంఠం ఒక్కటే చాలదు. దానిని ఎప్పుడు వినియోగించాలో, ఎప్పుడు దాచుకోవాలో తెలిసిన వివేకం కావాలి. అట్టి వివేకానికి లియాంటీన్ ప్రైస్ జీవితం చక్కని నిదర్శనం.

ఆమె 1927 ఫిబ్రవరి 10వ తేదీన అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, లారెల్ అనే పట్టణంలో, ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించింది. తండ్రి కలపకోత మిల్లులో పనివాడు. తల్లి మంత్రసాని, చర్చి గాయక బృందంలో పాడేది. బిడ్డకు గల సంగీతాభిరుచిని గుర్తించిన ఆ దంపతులు ఇంటిలోని గ్రామఫోనును తొలి వాయిదా కింద ఇచ్చివేసి పియానో కొన్నారు. నల్లవారికి బడులు సైతం వేరుగా ఉన్న రోజులవి. సంగీతోపాధ్యాయిని కావాలనే ఉద్దేశంతో ఆమె ఒహాయో రాష్ట్రంలోని విల్బర్‌ఫోర్స్‌లో చదివి, 1948లో పట్టం పుచ్చుకొంది. పిమ్మట న్యూయార్కులోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో ఉపకార వేతనం లభించింది. అది చాలనందున లారెల్‌లోని ఒక శ్వేతజాతి కుటుంబం ధనసహాయం చేసింది. సుప్రసిద్ధ గాయకుడు పాల్ రాబ్సన్ ఆమె సహాయార్థం కచేరీ చేశాడు.

1952లో గెర్ష్విన్ రచించిన 'పోర్గీ అండ్ బెస్'లో బెస్ పాత్ర ఆమెకు పేరు తెచ్చింది. 1955లో ఎన్‌బీసీ టెలివిజన్ సంస్థ పుచ్చీనీ 'టోస్కా'లో ఆమెను నాయికగా చూపింది. నల్లజాతి స్త్రీ నాయిక అయినందున దక్షిణాదిలోని కొన్ని కేంద్రాలు దానిని ప్రసారం చేయ నిరాకరించాయి. అమెరికాలో అగ్రగణ్యమైన న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరాలో మేరియన్ ఆండర్సన్ రూపేణా నల్లజాతి గాయని ఒక ముఖ్యపాత్ర ధరించడం కూడా 1955లోనే మొదటిసారి.

కొద్దికాలానికే ఆ రంగస్థలం నుండి ప్రైస్‌కు పిలుపు వచ్చింది. ఇవ్వజూపిన పాత్ర 'ఆయిడా'. వెర్డీ రచించగా 1871లో కైరో నగరంలో తొలిసారి ప్రదర్శితమైన ఆపెరా అది. నాయిక ఈజిప్టులో దాసిగా బతుకుతున్న ఇథియోపియా రాకుమారి. ఆ పాత్ర ప్రైస్ కంఠానికి అమరినదే. 1958లో వియన్నాలోను, 1960లో మిలాన్‌లోని లా స్కాలాలోను ఆమె దానిని పాడి మెప్పించింది. అయినప్పటికీ మెట్రోపాలిటన్‌లో ప్రథమ ప్రవేశం దాసి పాత్రతో తగదని సంగీత నిర్వాహకుడు పీటర్ హెర్మన్ ఆడ్లర్ హితవు పలికాడు. ఆమె ఆ అవకాశాన్ని వదులుకొని వేచియుండింది. 1961 జనవరి 27న వెర్డీ 'ఇల్ త్రోవతోరె'లో లియొనోరా అనే కులీన స్త్రీ పాత్రతో ప్రవేశించింది. ఆనాటి కరతాళ ధ్వనులు 40 నిమిషాలకు పైగా మ్రోగాయని చెబుతారు.

విజయం వెన్నంటే పరీక్ష కూడా వచ్చింది. అదే సంవత్సరపు శరత్తులో పుచ్చీనీ 'లా ఫాంచుల్లా దెల్ వెస్ట్' పాడుతూండగా రంగస్థలం మీదనే ఆమె గొంతు మూగవోయింది. పాటను మాటలుగా పలుకవలసి వచ్చింది. కీర్తి వెల్లువలో ఉన్నా ఆమె కొంతకాలం విశ్రమించి, తరువాత తిరిగి పాడింది.

1964లో అమెరికా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ లభించింది. 1966లో మెట్రోపాలిటన్ నూతన భవనాన్ని ప్రారంభించిన రాత్రి, శామ్యూల్ బార్బర్ ఆమె కోసం రచించిన 'ఆంటొనీ అండ్ క్లియోపాట్రా'లో క్లియోపాట్రాగా పాడింది. ప్రదర్శన ఆడంబరాన్ని విమర్శకులు తప్పుపట్టారు. ఆమె గానాన్ని మెచ్చారు. 13 గ్రామీ పురస్కారాలు ఆమెను వరించాయి. 1970 దశకంలో ఆపెరాలను తగ్గించుకొని కచేరీలకు ప్రాధాన్యమిచ్చింది. 1985 జనవరి 3న మెట్రోపాలిటన్‌లో ఆపెరా రంగస్థలం నుండి సెలవు తీసుకొంటూ ఆమె ధరించిన పాత్ర ఆయిడా. నాడు ప్రవేశానికి తగదని కాదన్న పాత్రనే, వీడ్కోలుకు తానే వరించింది.

పేదింటి ప్రతిభకు చేయూత అవసరమని ఆ పియానో, ఆ ఉపకార వేతనం, ఆ సహాయ కచేరీ మనకు చెబుతున్నాయి. ఇది విద్యాసంస్థల పెద్దలు గమనించదగిన విషయం. విద్యార్థులు గమనించదగినది మరొకటి ఉంది. అందిన ప్రతి అవకాశమూ మనకు తగినది కానక్కరలేదు. వేచియున్నంత కాలమూ సాధన మానని వారికే కాదనే హక్కు దక్కుతుంది.