గరిటెజారు సాస్‌కు గ్రాముల లెక్క

పిజ్జా మీద టమాటా సాస్, శాండ్‌విచ్ రొట్టెకు వెన్న, బర్గర్‌లో మయొనైజ్, కేకు పొరల నడుమ జామ్... వంటింట్లో ఇవన్నీ గరిటెతోనో చెంచాతోనో అయిపోయే పనులు. ఫ్యాక్టరీలో ఈ పని డిపాజిటర్ అనే యంత్రానిది. కన్వేయర్ బెల్టు మీద వరసగా వచ్చే ప్రతి ముక్కపైనా ఒకే కొలతలో, ఒకే చోట, ఒకే ఆకారంలో సాస్ పడాలి. నిమిషానికి 60 శాండ్‌విచ్‌లు సాగే బెల్టు మీద ఒక్కోదానికి దక్కేది ఒకే ఒక్క సెకను. ఆ సెకనులోనే యంత్రం సాస్‌ను పీల్చుకోవాలి, కొలవాలి, వదలాలి, తీగ సాగకుండా తెంచాలి.

బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ 1980లో ప్యాక్ చేసిన శాండ్‌విచ్‌ల అమ్మకం మొదలుపెట్టింది. అలాంటి తిండి ఉదయం తయారై, చల్లటి అరలో కూర్చుని, కొన్న మనిషి చేతికి అందేదాకా మెత్తబడకుండా ఉండాలి. రొట్టెకు రాసే వెన్న రుచి కోసమే కాదు; టమాటా, కీరాల తడి రొట్టెలోకి ఇంకకుండా అడ్డుపడే కొవ్వు పొర కూడా అదే. ఆ పొర ఒక మూల పలచబడితే అక్కడే రొట్టె నానిపోతుంది. అందుకే యంత్రానికి ‘ఎంత వేశావు’ అన్న పరీక్షతో పాటు ‘ఎక్కడ వేశావు’ అన్న పరీక్షా ఉంటుంది.

పిచికారీ సూత్రం

డిపాజిటర్లలో ఎక్కువగా వాడేది పిస్టన్ రకం. దాని సూత్రం పిల్లలు రంగునీళ్లు చిమ్మే పిచికారీదే. పైన శంకువు ఆకారంలో హాపర్ అనే తొట్టి, దాని కింద సిలిండర్, లోపల పిస్టన్, చివర నాజిల్ ఉంటాయి. తొట్టికీ సిలిండర్‌కూ నాజిల్‌కూ మధ్య తిరిగే వాల్వు ఒకటి. పిస్టన్ వెనక్కి వెళ్లినప్పుడు వాల్వు తొట్టి వైపు తెరుచుకుని సాస్ సిలిండర్‌లోకి వస్తుంది. వాల్వు తిరిగి తొట్టి దారి మూసి, నాజిల్ దారి తెరుస్తుంది. పిస్టన్ ముందుకు రాగానే లోపలున్న సాస్ బయటికి పడుతుంది.

కొలత అంతా సిలిండర్ వెడల్పు, పిస్టన్ కదిలే దూరం మీదే ఆధారపడుతుంది. సిలిండర్ లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 2 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్క విడతకు సుమారు 39 మిల్లీలీటర్ల సాస్ పడుతుంది. ఆ దూరం ఒక్క మిల్లీమీటరు పెరిగితే దాదాపు 2 మిల్లీలీటర్లు అదనం. పిస్టన్‌ను గాలి ఒత్తిడితో నడిపే యంత్రాలు చవక, నిర్వహణ తేలిక. సర్వో మోటారుతో నడిచేవాటిలో దూరాన్నీ వేగాన్నీ తెర మీద అంకె మార్చి సరిచేసుకోవచ్చు. ముక్క ముందుకొచ్చిందని సెన్సర్ చెబితేనే యంత్రం సాస్ వదులుతుంది. ఖాళీ బెల్టు మీద చుక్క పడదు.

గరిటెజారు ఎంత?

పలుచన, గరిటెజారు, ముద్ద అంటూ తెలుగు వంటిల్లు చిక్కదనాన్ని కంటితోనే కొలుస్తుంది. ఫ్యాక్టరీకి అదే అంకెల్లో కావాలి. టమాటా కెచప్‌కు ఆ కొలతను బోస్ట్‌విక్ అనే లోహపు కాలువతో తీస్తారు. ఒక చివర తలుపు వెనక కెచప్ నింపి, తలుపు ఎత్తి, ఎంత దూరం పారిందో చూస్తారు. అమెరికా ప్రమాణం ప్రకారం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 సెకన్లలో 14 సెంటీమీటర్లకు మించి పారకూడదు.

కెచప్ కదలనంతసేపూ బిగిసి ఉంటుంది. కుదిపితే, నెడితే జారుతుంది. అందుకే తొట్టిలో ఒక్కోసారి నడుమ గుంతపడి అంచుల్లో సాస్ నిలిచిపోతుంది. నెమ్మదిగా తిరిగే తెడ్డు దాన్ని కిందికి దించుతుంది. తేనె, పాకం తీరు వేరు. వేయడం ఆగినా తీగ సాగుతూనే ఉంటాయి. మయొనైజ్ ఇంకా సున్నితం. అమెరికా ప్రమాణం ప్రకారం అందులో కనీసం 65 శాతం నూనె ఉండాలి. అంత నూనెను నీటితో గుడ్డుసొన కలిపి ఉంచుతుంది. ఇరుకు సందుల్లోంచి మరీ వేగంగా తోస్తే ఆ కలయిక విడిపోయి నూనె తేలుతుంది. ఏ సాస్‌కైనా వేడి మారితే చిక్కదనం మారుతుంది. వెన్న, చాక్లెట్ లాంటివాటికి తొట్టి గోడల్లో వేడినీరు తిప్పడానికి కారణం అదే.

ముక్కలుంటే మరో దారి

ఉల్లిముక్కలో, పండుముక్కలో ఉన్న సాస్‌కు సన్నటి నాజిల్ పనికిరాదు. ముక్కకంటే బాగా వెడల్పైన దారి ఉండాలి. లేకపోతే వాల్వు తిరిగినప్పుడు కత్తిలా ముక్కను కోస్తుంది. నలగకుండా నెట్టడానికి రెండు లోబుల పంపులు, మెలి తిరిగిన ఉక్కు కడ్డీ రబ్బరు గొట్టంలో తిరిగే పంపులు వాడతారు. ఈ రెండోదాన్ని ఫ్రాన్స్‌కు చెందిన రెనే మొయినో 1930ల ఆరంభంలో రూపొందించాడు. కడ్డీ తిరిగేకొద్దీ చిన్న చిన్న గదుల్లాంటి ఖాళీలు ముందుకు జరుగుతూ ముద్దను మోసుకుపోతాయి.

తెలుగువారి ఆవకాయ ఈ యంత్రాలకు గట్టి పరీక్ష. టెంకతో ఉన్న మామిడిముక్క గట్టిది, ఆవపిండి ముద్ద బరువైనది, నూనె పైకి తేలేది. అన్నిటినీ ఒకే పిస్టన్‌తో వేస్తే ఒక పొట్లంలో ముక్కలే, మరొక దాంట్లో నూనే పడొచ్చు. ముందు ముక్కలను తూచి వేసి, తర్వాత ఊటనూ నూనెనూ డిపాజిటర్‌తో కొలిచి పోయడం దీనికి ఒక పరిష్కారం.

నాజిల్ చేసే పని

సాస్ ఆకారం నాజిల్ చేతిలో ఉంది. ఒకే రంధ్రం చుక్క వేస్తుంది, చీలిక పట్టీ వేస్తుంది. పిజ్జాకు చాలా రంధ్రాలున్న పళ్లెం వాడితే అంచు వదిలి గుండ్రంగా పరుచుకుంటుంది. మరో పద్ధతిలో సాస్ పలుచటి తెరలా పైనుంచి జారుతుంటే కింద జాలీ బెల్టు మీద పిజ్జాలు సాగిపోతాయి. మిగిలిన సాస్‌ను పట్టి మళ్లీ పైకి పంపుతారు. వేగం ఎక్కువే కానీ అంచులూ తడుస్తాయి, తిరిగొచ్చే సాస్‌లో రొట్టెపొడి చేరుతుంది. చుక్కలు కారకుండా పిస్టన్‌ను చివర్లో కొద్దిగా వెనక్కి లాగే ఏర్పాటు, నాజిల్ మూతి దగ్గరే మూసుకునే వాల్వు కూడా ఉంటాయి.

మిల్లీలీటరు నుంచి గ్రాముకు

అసలు చిక్కు ఇక్కడుంది. యంత్రం కొలిచేది ఘనపరిమాణం; పొట్లం మీద రాసేది బరువు. మిల్లీలీటరుకు 1.1 గ్రాముల బరువున్న సాస్ 30 మిల్లీలీటర్లు వేస్తే 33 గ్రాములు. అందులో పదో వంతు గాలిబుడగలు చేరితే అదే 30 మిల్లీలీటర్లు సుమారు 30 గ్రాములే తూగుతాయి. అందుకే బెల్టు చివర చెక్‌వెయర్ ప్రతి పొట్లాన్నీ తూచి, తక్కువైనవాటిని పక్కకు నెడుతుంది. కొన్ని లైన్లలో ఆ బరువును చూసి డిపాజిటర్ తనంతట తానే సరిచేసుకుంటుంది.

మన దేశంలో 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు పొట్లం నికర బరువులో ఎంత తేడా వరకు చెల్లుతుందో చెబుతాయి. 50 గ్రాముల లోపు పొట్లానికి 9 శాతం, 100 నుంచి 200 గ్రాముల వాటికి 4.5 శాతం. తగ్గితే కొన్నవారికి అన్యాయం, పెరిగితే తయారీదారుకు నష్టం. పిజ్జాకు 2 గ్రాములు ఎక్కువ పడితే లక్ష పిజ్జాలకు 200 కిలోల సాస్ పోయినట్టే.

కడగడమే సగం పని

సాస్ తగిలే భాగాలన్నీ స్టెయిన్‌లెస్ ఉక్కువే. ఉప్పు, పులుపు ఎక్కువున్న సాస్‌లకు మాలిబ్డినం కలిసిన 316 రకం 304 కంటే ఎక్కువగా తుప్పును తట్టుకుంటుంది. మూలల్లో, గొట్టం మలుపుల్లో, రబ్బరు రింగుల వెనక మిగిలిన కొద్దిపాటి సాస్ చాలు సూక్ష్మజీవులు పెరగడానికి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య అవి వేగంగా పెరుగుతాయి. యంత్రాలను కడగడానికి వీలుగా తయారుచేసే నియమాల కోసం యూరప్‌లో 1989లో ఈహెచ్‌ఈడీజీ అనే బృందం ఏర్పడింది.

కడిగే తీరు రెండు రకాలు. విప్పి చేత్తో కడగడం ఒకటి; విప్పకుండానే వేడినీరు, క్షారం, ఆమ్లం వరసగా గొట్టాల్లో తిప్పే సీఐపీ రెండోది. వేరుశనగ ముద్ద వేసిన యంత్రంలో వెంటనే మరో సాస్ వేసినప్పుడు ఈ పని ప్రాణాలకు సంబంధించినది. వేరుశనగ పడనివారికి దాని అవశేషమే ప్రమాదం కావచ్చు. పాలు, గుడ్డు, సోయా విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

పచ్చళ్లు, చట్నీలు, స్వీట్లు తయారుచేసే చిన్న సంస్థలకు బల్ల మీద పెట్టుకునే, కాలి పెడల్‌తో నడిచే డిపాజిటర్లూ దొరుకుతున్నాయి. కొనేముందు నీళ్లు పోసి చూపే కొలతను నమ్మకూడదు. సొంత పచ్చడినే తీసుకెళ్లి, వరసగా వంద విడతలు వేయించి, ఒక్కోటీ తూచాలి. ఆ తర్వాత యంత్రాన్ని పూర్తిగా విప్పి, కడిగి, మళ్లీ బిగించడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గిన యంత్రాన్నే కొనాలి.