కాలం మోసేది మొదటి మాటే

ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లను బాగా తికమక పెట్టేవి ఫ్రేజల్ వెర్బ్స్. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. ఆ రెండూ కలిసి గివ్ అప్ అయ్యేసరికి మానేయడం అన్న అర్థం వస్తుంది. ఈ అర్థాల గజిబిజి చూసి, కాలాన్ని బట్టి వీటి రూపాలు మార్చడం కూడా అంతే కష్టమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పని తేలిక. రెండు మాటల్లో మారేది మొదటిది, అంటే క్రియ మాత్రమే. వెనక వచ్చే అప్, ఆఫ్, అవుట్, డౌన్ లాంటి చిన్న మాట ఏ కాలంలోనూ మారదు: గివ్ అప్, గివ్స్ అప్, గేవ్ అప్, గివెన్ అప్, గివింగ్ అప్. ఇంత చిన్న సూత్రం దగ్గర 'పికప్‌డ్' అనో 'లాగిన్‌డ్' అనో మనం తడబడుతున్నామంటే, కారణం ఇంగ్లిష్‌లో కన్నా మన భాష అలవాటులోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

'మానేయడం' అన్న మాటనే చూడండి. అది 'మాని', 'వేయు' అనే రెండు క్రియల కలయిక. మానేశాడు, మానేస్తున్నాడు, మానేస్తాడు అన్నప్పుడు 'మాని' కదలకుండా ఉంటుంది. కాలం, పురుష, లింగం అన్నీ వెనకున్న 'వేయు' మీదే పడతాయి. పడిపోయాడు, వచ్చేసింది, చెప్పుకొచ్చారు, అన్నిటిదీ ఇదే పద్ధతి. పైగా తెలుగు వాక్యంలో క్రియ చివరికే వస్తుంది కాబట్టి, కాలం తెలియాలంటే మన చెవి చివరిదాకా ఆగుతుంది. ఇంగ్లిష్ సరిగ్గా దీనికి ఎదురు. దానికి తోడు ఆ మాటల్ని మనం రోజూ తెలుగులో వాడుతున్నాం: పిల్లల్ని పికప్ చేశాను, సైట్‌లో లాగిన్ అయ్యాను, సిస్టమ్ సెటప్ చేశారు. ఇక్కడ పికప్ విడదీయలేని ఒకే ముద్ద. కాలం సంగతి 'చేశాను' చూసుకుంటుంది. ఇది తప్పేమీ కాదు, పరాయి మాటను మన వ్యాకరణంలో ఇముడ్చుకునే చక్కటి పద్ధతి. ఆ ముద్దను అలాగే ఇంగ్లిష్ వాక్యంలోకి తీసుకెళ్లినప్పుడే చిక్కు వస్తుంది.

అది ఒకే మాట కాదనడానికి ఇంగ్లిష్‌లోనే గట్టి రుజువుంది. లైటు ఆర్పాడనడానికి టర్న్డ్ ఆఫ్ ద లైట్ అనొచ్చు, టర్న్డ్ ద లైట్ ఆఫ్ అనీ అనొచ్చు. లైటు బదులు ఇట్ అనే సర్వనామం వస్తే మాత్రం అది మధ్యలోనే ఉండాలి: టర్న్డ్ ఇట్ ఆఫ్. మధ్యలో ఇంకో మాట దూరగలిగిందంటే అవి రెండు వేర్వేరు మాటలన్నట్టే. చరిత్ర చెప్పేదీ ఇదే. పాత ఇంగ్లిష్‌లో ఇలాంటి చిన్న మాటలు చాలావరకు క్రియకు ముందు ఉపసర్గలుగా అతుక్కుని ఉండేవి. అండర్‌స్టాండ్, విత్‌స్టాండ్ ఆ పద్ధతికి గుర్తులు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచిన తర్వాతి శతాబ్దాల్లో ఆ ఉపసర్గలు చాలా మరుగున పడ్డాయి, క్రియ వెనక విడిగా నిలిచే మాటలు బలపడ్డాయి. ముందున్నా వెనకున్నా కాలం మాత్రం క్రియదే. స్టాండ్ స్టుడ్ అవుతుంది కాబట్టి అండర్‌స్టాండ్ అండర్‌స్టుడ్ అవుతుంది, స్టాండ్ అప్ స్టుడ్ అప్ అవుతుంది. 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలో శామ్యూల్ జాన్సన్ ఈ జంటలే విదేశీయులకు అన్నిటికన్నా కష్టమని రాశాడు. ఆయన ఎత్తి చూపిన కష్టం అర్థాలది, రూపాలది కాదు.

క్రియలే ఒక దారిన లేనప్పుడు సూత్రం తెలిసి ఏం లాభం అనొచ్చు. నిజమే, బ్రింగ్ బ్రాట్ అవుతుందని ఏ సూత్రమూ చెప్పదు. కానీ వి-వన్, వి-టూ, వి-త్రీ అంటూ బడిలో వల్లె వేసిన పట్టికలో అది ఎప్పుడో వచ్చింది. గో, కమ్, గెట్, టేక్, పుట్, బ్రేక్ లాంటి కొద్ది క్రియల నుంచే ఈ జంటలు పెద్ద సంఖ్యలో పుడతాయి కనుక బ్రాట్ అప్, బ్రాట్ అబౌట్, బ్రాట్ బ్యాక్ కోసం కొత్త పట్టిక అక్కర్లేదు. పుట్, సెట్, కట్ భూతకాలంలోనూ మారవు. హీ పుట్స్ ఆఫ్ అంటే వాయిదా వేస్తుంటాడు, హీ పుట్ ఆఫ్ అంటే వేశాడు. చివరి స్ లేకపోవడమే ఆనవాలు. ఇంకో చిక్కు వినికిడిలో ఉంది. పిక్డ్ అప్ అన్నది మాటల్లో 'పిక్టప్' అని కలిసిపోతుంది. చెవితో నేర్చుకునేవాళ్లకు మధ్యలోని ఆ చిన్న ధ్వని అందదు. తడబాటుకు దీని వాటా కూడా తక్కువేం కాదు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం అమెరికన్ బేస్‌బాల్ నుంచి వస్తుంది. గాల్లోకి లేచిన బంతిని ఫీల్డర్ పట్టేసి బ్యాటర్ అవుటైతే అక్కడ ఫ్లూ అవుట్ అనరు, ఫ్లైడ్ అవుట్ అంటారు. ఎగరడం అనే పాత క్రియ కాదది. గాల్లోకి లేచిన బంతిని ఫ్లై అంటారు, ఆ నామవాచకం నుంచి పుట్టిన కొత్త క్రియ. అందుకే మామూలు క్రియలా డ్ చేర్చుకుంది. అయినా ఆ డ్ చేరింది ఎక్కడ? ఫ్లై మీదే. అవుట్ చెక్కు చెదరలేదు. పాత రూపం పోయింది గాని సూత్రం పోలేదు. బ్రేక్‌డౌన్, లాగిన్ సంగతి వేరు. కలిపి రాస్తే అవి నామవాచకాలు, వాటికి కాలమే ఉండదు. క్రియగా వాడితే కారు బ్రోక్ డౌన్, మనిషి లాగ్డ్ ఇన్.

అర్థాలు మాత్రం ఒక్కొక్కటిగా నేర్చుకోవాల్సిందే, అక్కడ దగ్గరి దారి లేదు. అందుకే ఆ శ్రమను రూపాల శ్రమతో కలపకూడదంటాను. పిల్లలకు పికప్ అని ఒకే మాటగా అప్పజెప్పించే బదులు, మధ్యలో ఇట్ పెట్టి నిన్నటి సంగతి చెప్పించాలి: ఐ పిక్డ్ ఇట్ అప్ యెస్టర్‌డే. లుక్ ఆఫ్టర్ లాంటి విడిపోని జంటలకు ఇది పనికిరాదు. విడిపోయేవాటికి మాత్రం, మధ్యలో ఇట్ అడ్డుగా ఉన్నంతసేపూ డ్‌ను అప్ దాకా తీసుకెళ్లడం నోటికి సాధ్యం కాదు.