పొట్టి కుక్కకు పుట్టెడు బుద్ధులు

కుక్కను ఎంత గొప్ప గద్దె నెక్కించినను దాని తొంటి బుద్ధి పోదని చెప్పు సుమతి శతక పద్యమును చిన్ననాట కంఠస్థము చేయని తెలుగువాడు అరుదు. ఆ పద్యమునందలి శునకము నీచునకు ఉపమానమే కాని, నిజమైన శునకమును పెంచుకొని, అది సోఫాదిండును చీల్చి దూదిని గదినిండ వెదజల్లిన సాయంకాలమున ఆ పద్యమును తలచుకొను గృహస్థునకు కవి తన యింటిని చూచియే వ్రాసినట్లు తోచును. కవి మాటలో సగము నిజమే, జాతిగుణము పోదు. కాని, పోని గుణమును మరియొక దారికి మళ్లింపవచ్చును. శిక్షణ యనునది ఆ మళ్లింపే. ఇందులకు జాక్ రస్సెల్ టెర్రియర్ అను పొట్టి కుక్కను మించిన నిదర్శనము నాకు తెలియదు.

ఈ జాతికి పేరిచ్చిన జాన్ రస్సెల్ (1795–1883) ఇంగ్లండునందలి డెవన్ ప్రాంతపు మతాచార్యుడు. చర్చిలో ప్రసంగించుటయం దెంత ఆసక్తి కలదో కాని, గుఱ్ఱమునెక్కి నక్కలను వేటాడుటయందు మాత్రము తీరని వ్యసనము కలవాడు. ఆక్స్‌ఫర్డులో విద్యార్థిగా నుండగా, 1819లో, దారిలో నెదురైన పాలవానియొద్ద ‘ట్రంప్’ అను ఆడ టెర్రియరును చూచి ముచ్చటపడి అక్కడికక్కడే కొన్నాడనియు, అతని కుక్కల వంశమునకు అదియే మూలమనియు చెప్పుదురు. వేటకుక్కల గుంపు తరుముకొని రాగా నక్క బొరియలో దూరును. పెద్దకుక్కలు పట్టని ఆ బొరియలోనికి ఈ పొట్టికుక్క ప్రవేశించి, చీకటిలో నక్కకు ముఖాముఖిగ నిలిచి, దానిని చంపక, తాను వెనుదీయక, ఎడతెగక మొరగవలెను. పైన నేలకు చెవియొగ్గిన మనుష్యులు ఆ మొరుగును బట్టి చోటు గుర్తించి త్రవ్వుదురు, లేదా నక్కయే బెదరి వెలికి దూకును. వేటకుక్కలు నక్కయని భ్రమపడి మీదపడకుండుటకై దేహము తెలుపుగ నుండవలెననిరి. అంతర్జాతీయ శునక సమాఖ్య 2000లో ఈ జాతిని గుర్తించినప్పుడును ఆ బొరియ కొలతను మరువలేదు: ఎత్తు 25 మొదలు 30 సెంటీమీటర్లు, బరువు 5 మొదలు 6 కిలోలు, భుజముల వెనుక ఱొమ్ము మనుష్యుని రెండు చేతుల పట్టునకు ఇమిడిపోవలెను.

ఇట్టి జీవి నేడు మన నగరములలో మూడవ అంతస్తు ఫ్లాటున కాపురమున్నది. బెల్లు మ్రోగగానే మొరుగును, తులసికుండీలోని మట్టిని గదినిండ చిమ్మును, బాల్కనీపై వ్రాలిన పావురమునకై గాజుతలుపును ఢీకొనును. మనము దోషములని పేరుపెట్టిన యీ మూడును దాని ఉద్యోగధర్మములు. బొరియలో యజమాని కంటికి కనబడడు, అతని ఆజ్ఞ చెవికి వినబడదు. కావున తనకు తోచినట్లు తానే నడుచుకొను కుక్కనే వేటగాండ్రు తరతరములుగ ఏరి పెంచిరి. గొఱ్ఱెలను కాచు కుక్క మాటిమాటికి కాపరివంక చూచును, ఇది చూడదు. ఇట్టిదానిని మొండిదనుట అన్యాయము.

కొట్టి బెదరించి దారికి తెత్తుమనువారు ఈ చరిత్రను మరచుచున్నారు. నక్క కాటుకు వెనుదీయని కుక్క మీరు చుట్టి యెత్తిన వార్తాపత్రికకు వెనుదీయునా? జర్మనీకి చెందిన పోలీసుకుక్కల శిక్షకుడు కోన్రాడ్ మోస్ట్ 1910లో ప్రచురించిన గ్రంథము మొదలుకొని చాలకాలము కుక్కను లొంగదీయుటయే విద్యగ చలామణి యైనది. బంధించి యుంచిన తోడేళ్ల కలహములను రుడాల్ఫ్ షెంకెల్ 1947లో వర్ణింపగా, వానిని చూచి, యజమానియే గుంపునాయకుడై కుక్కను వెల్లకిల పడద్రోసి అదుమవలెనను సిద్ధాంతమొకటి బయలుదేరినది. ‘నాయక తోడేలు’ అను భావమును 1970 నాటి తన గ్రంథముద్వారా ప్రచారములోనికి తెచ్చిన అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మీచ్, కెనడా ఉత్తరమున ఎల్స్‌మియర్ ద్వీపములో స్వేచ్ఛగ తిరుగు తోడేళ్లను ఏండ్ల తరబడి గమనించి, ఆ గుంపు తల్లిదండ్రులును పిల్లలును గల కుటుంబమే కాని అధికారమునకై కొట్లాడు మూక కాదని 1999లో తానే సవరించి వ్రాసినాడు. ఆ సవరణ మన శిక్షకులలో చాలమందికి ఇంకను చేరవలసియున్నది.

ఫలము నిచ్చిన చేష్టను ప్రాణి మరల చేయునని మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పెట్టెలలో పెట్టిన పిల్లుల ద్వారా చూపినాడు. ప్రతిసారియు దొరకు ఫలముకంటె అప్పుడప్పుడు దొరకు ఫలమే అలవాటును గట్టిగ నాటునని తరువాత మరియొక మనస్తత్వశాస్త్రజ్ఞుడు స్కిన్నర్ తేల్చినాడు. మన యిండ్లలో శిక్షణ చెడునది ఇక్కడనే. వచ్చినవారిమీద కుక్క ఎగబ్రాకగా ఇంటిల్లిపాదియు పట్టించుకొనక నిలిచి, నిలిచి, చివరకు ఏ మామయ్యగారో వచ్చి “పోనీలెండి, నోరులేని జీవి” అని తల నిమిరిరా, అంతటి శ్రమయు బూడిదలో పోసిన పన్నీరు. (ఆ జీవికి నోరు లేదనుట మామయ్యగారి ఔదార్యము.) నాలుగు కాళ్లు నేలనుండగనే ఎవ్వరైనను తాకవలెను, లేచినచో అందరును ముఖము త్రిప్పుకొనవలెను, కూర్చుండినచో వెంటనే ఆదరింపవలెను. ఇంకొక చిక్కు కలదు: పూర్వము ఫలించిన చేష్ట ఫలింపకపోయినప్పుడు అది తగ్గుటకు ముందు ఒక్కసారి విజృంభించును. ఆ విజృంభణమునే చూచి, “ఈ పద్ధతి పనిచేయుటలేదు” అని గృహస్థు లొంగిపోవును. ఇంత గట్టిగ అడిగినచో దొరకునని కుక్క అప్పుడు నేర్చుకొనును.

బెల్లు సంగతి కొంత విస్తరముగ చెప్పవలెను. కొరియరువాడు వచ్చును, బెల్లు కొట్టును, కుక్క మొరుగును, అతడు పొట్లమిచ్చి వెడలిపోవును. మనకిది మామూలు, కుక్క లెక్కలో మాత్రము ఆగంతకుడొకడు తన గర్జనకు బెదరి పారిపోయినాడు! ఇట్టి విజయములు దినమునకు నాలుగైదు లభించుచుండగా అది మొరుగుట మానునా? కావున ఆ శబ్దమునకు క్రొత్త అర్థమును నేర్పవలెను. బెల్లు ధ్వనిని ఫోనులో రికార్డు చేసి, కుక్క చెవి కదలించునంత మెల్లగ వినిపింపుడు. ధ్వని విని, చెవులు నిక్కించి, తల ఒకవంకకు వాల్చి, ఊపిరి బిగబట్టు ఆ అరక్షణము కలదే, మొరుగు పుట్టుటకు ముందటి ఆ సందులోనే ఉప్పు, కారము, ఉల్లి తగులక ఉడికిన కోడిమాంసపు తునకను, సెనగగింజంతది, నోటికందింపవలెను. శాకాహారుల యింట పనీరుముక్కయు చాలును. ఆలస్యమైనచో అది మొరుగుటకు కూలి యగును. కొన్నాళ్లకు బెల్లు మ్రోగగానే కుక్క గుమ్మమువైపు గాక మీ చేతివైపు చూచును. అప్పుడు గుమ్మమునకు దూరముగ ఒక చాప పరచి, తునకను ఆ చాపమీదనే వేయుచు రావలెను. పిదప అసలు బెల్లును, పిదప తలుపు తీయుటను, పిదప వాకిట నిలిచిన పొరుగింటి అబ్బాయిని, ఒకదానివెంట నొకటిగ చేర్చవలెను. ఏ మెట్టువద్ద మొరుగు తిరిగి వచ్చునో అక్కడ తొందరపడినది మనమేయని గ్రహించి ఒక మెట్టు దిగవలెను. ఈ తునకల పాటి అన్నము రాత్రి పళ్లెములో తగ్గింపనిచో కుక్క విద్యతోబాటు కొవ్వును సంపాదించును.

త్రవ్వుడును తరుముడును ఇంత శ్రమ పెట్టవు. పెరడున్నవారు ఒక మూల ఇసుకగుంట యేర్పరచి బొమ్మలను పాతిపెట్టవచ్చును. ఫ్లాటువారు అట్టపెట్టెలో పాతగుడ్డలు నింపి నడుమ తిండిని దాచవచ్చును. బంతి విసరి గంటలకొలది పరుగెత్తించినచో అల్లరి తగ్గునను నమ్మకము సరికాదు. మునుపటికంటె దమ్ముగల అల్లరికుక్క తయారగును. ముక్కుతో వెదకి తినునట్లు అన్నమును చల్లినచో అది పరుగుకంటె త్వరగ అలసి, తృప్తిగ పండుకొనును. వీధికుక్కల గుంపు ఎదురైనప్పుడు బెల్టు పట్టి లాగుటకంటె, అది ఇంకను తునకను తీసికొనగల దూరమున నుండగనే రోడ్డు దాటుట మేలు. పిలిచినప్పుడు వచ్చిన కుక్కను, ఎంత కోపమున్నను, తిట్టరాదు.

అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిన పరిశీలనల ప్రకారము, కుక్కపిల్ల లోకమును నిర్భయముగ పరిచయము చేసికొనునది మూడవ వారము మొదలు పన్నెండవ వారము వరకు; కావున టీకాలు పూర్తియగువరకు చంకనెత్తుకొనియైనను ఆటోచప్పుడును, గొడుగును, పసిపిల్లలను దానికి చూపవలెను. సాధువుగ నున్న కుక్క హఠాత్తుగ కఱవసాగినచో శిక్షకుని గాక పశువైద్యుని పిలువుడు. అది నొప్పి కావచ్చును. ఒంటరిగ విడిచినప్పుడు తలుపు గీరి, చొంగ కార్చి, ఏడ్చు కుక్కది అల్లరి కాదు, భయము. దానికిని వైద్యుని సలహాయే కావలెను.

జాక్ రస్సెల్ పన్నెండేండ్లకు పైగ జీవించుట సామాన్యము. అన్నేండ్లు ప్రతిదినము రెండుపూటల నడకయు, ఇట్టి పాఠములకు కొంత తీరికయు ఈయలేనివారు, ఉదయము పోయి రాత్రికి గాని ఇల్లు చేరని దంపతులు, సినిమాలో చూచి ముచ్చటపడినవారు ఈ జాతిని కొనవలదని నా మనవి. తోడు కొరకే కుక్క కావలెనన్నచో, నెమ్మదించిన వయసులో పెంపునకై వేచియున్న మన నాటుకుక్కలకు నగరములలో కొదువ లేదు.